పని జరిగే చోటు: ఇబ్రహీంపట్నం

మా మామ పోయాడు. బడంగ్‌పేట్‌లో ఒక ఇంటికి పరంజా కడుతూ, పది గంటల చాయ్ కోసం కిందికి దిగి, ఇటుకల మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. "పడలేదమ్మా. కూసున్నడు, గంతే" అని మేస్త్రీ ముందు అదే చెప్పాడు. బతుకంతా ఎత్తుల మీద గడిపిన మనిషి పడకుండా పోయాడన్నది ఆ పనివాళ్ళకు పెద్ద సంగతి. నాకూ అదే కొంత ఊరట.

మామ గురించి నాలుగు మాటలు రాయమన్నది మా ఆయన. నేను చదివింది ఏడు వరకే. ఆ మాటే అంటే, "బాపుకు కాయితాలన్నీ సదివింది నువ్వే గదా, నువ్వే రాయి" అన్నాడు.

రాయడానికి కూర్చుంటే ముందు ఏడుపు రాలేదు. అసహ్యం వచ్చింది. పదకొండో రోజు మా వాకిట్లో దినం భోజనంలో నల్లిబొక్క చప్పరిస్తూ "దేవుడసొంటి మనిషి" అన్న ఒకాయన మీద. ఆయన మీర్‌పేట్ నుంచి వచ్చే ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆయన సంగతి తెలియాలంటే ముందు మామ పని తెలియాలి.

కట్టే ఇంటికి, రంగు వేసే గోడకు మనుషులు నిలబడడానికి పైపులతో కట్టే పరంజా మామ పని. మొదట్లో వెదురు బొంగులు, తర్వాత ఇనుప పైపులు. మా ఇంటి ముందు పూలకుండీలు ఉండవు, పైపులే ఉంటాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు ఒక్కటి మాత్రం అలవాటు కాలేదు. సముద్రం వైపు పనికి పోయిన పైపులు తిరిగి రాగానే మామ ఒక్కోదాన్నీ బొటనవేలితో గట్టిగా రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకునేవాడు. తుప్పు, మట్టి, పిట్టల రెట్ట ఏదీ చూసేవాడు కాదు. "థూ! ఇంకా ఉన్నది ఉప్పు. మళ్ళ కడుగుండ్రి" అని ఉమ్మేసేవాడు. నేను ముఖం తిప్పుకుంటే నవ్వేవాడు.

"కూరల ఉప్పు నువ్వు జూస్తవ్, పైపుల ఉప్పు నేను జూస్త. ఇద్దరి పని ఒక్కటే బిడ్డా."

తర్వాత స్పానర్‌తో పైపును కొట్టి చెవి పెట్టేవాడు. గట్టి పైపు మోగుతుంది, ఉప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అట్లా పలికిన దాన్ని పక్కన పడేసేవాడు, ఎంత కొత్తదైనా. "ఉప్పు బయటికెల్లి తినది. లోపటికెల్లి తింటది. మనకు కనబడేసరికి అయిపోతది" అనేవాడు.

మా పక్కనే కొంగరకలాన్ దగ్గర పెద్ద కట్టడాలు లేచాయి గానీ వాటికి పెద్ద కంపెనీలు సొంత పైపులు తెచ్చుకున్నాయి. అందుకే మామ సముద్రం పనులే ఎక్కువ ఒప్పుకున్నాడు. ఒక రేవు దగ్గర ఎత్తయిన గోదాములకు రంగు వేయాలి. అక్కడ అడ్డుగా చెట్టు లేదు, కొండ లేదు. గాలి వస్తే నేరుగా పరంజాకే తగులుతుంది. ఇన్సూరెన్స్ ఉంటేనే పని అని అక్కడివాళ్ళు అన్నారు. పైపులకూ ఉండాలి, పైకి ఎక్కే మనుషులకూ ఉండాలి.

అట్లా ఏజెంటు మా ఇంటికి వచ్చాడు. మామ అంతా విడమరిచి చెప్పాడు: ఏ రేవు, ఎంత ఎత్తు, ఎందరు మనుషులు. ఆయన "అవ్ కాక, అవ్ కాక" అంటూ రాసుకున్నాడు. మామకు చదువు రాదు. కాగితం వంటింటి తలుపు దాకా తెచ్చి నా చేతికి ఇచ్చాడు. "జర సూడు బిడ్డా, అంత మంచిగున్నదా?"

ఇంగ్లీషు కింద చిన్న అక్షరాల్లో తెలుగు ఉంది. కూడబలుక్కుని చదివాను. "పని జరిగే చోటు" అన్న గడిలో మా ఊరు, ఇబ్రహీంపట్నం అని ఉంది. మామ సముద్రం అని చెప్పాడు కదా, ఇది తప్పేమో అనిపించింది. ముందు గదిలో నలుగురు మగవాళ్ళు కూర్చున్నారు. నేను అత్త ముందు కూడా గొంతు పెంచని దాన్ని. అడగడానికి నోరు రాలేదు. తల ఊపాను. మామ వేలిముద్ర వేశాడు.

తుపాను వస్తుందని చెప్పిన రోజు మామ అక్కడే ఉన్నాడు. రంగు చింది పడకుండా పరంజాకు చుట్టూ ప్లాస్టిక్ పట్టా కడతారు. గాలికి అది తెరచాపలా ఉబ్బి మొత్తాన్ని లాగేస్తుంది. గాలి రాకముందే ఎవరో ఒకరు ఎక్కి దాన్ని కోసెయ్యాలి. మామ యాదయ్యను ఎక్కమన్నాడు. మా ఊరివాడే, మామ దగ్గర పదిహేనేళ్ళుగా పని చేస్తున్నవాడు. మూడు పక్కలా కోశాడు. నాలుగో పక్క కోస్తుండగా గాలి వచ్చింది. పరంజా ఒరిగింది. యాదయ్య నడుము విరిగింది.

పైపులు లారీలో ఇంటికొచ్చాయి, వంకర్లు తిరిగి. యాదయ్య దవాఖానలో ఉన్నాడు. అప్పుడు వచ్చాడు ఏజెంటు, చేతిలో బత్తాయిల సంచితో.

"కాకా, నీ కాయితంల పని జాగ ఇబ్రహీంపట్నం అనే ఉన్నది. గాడ పడ్డదానికి కంపెనీ ఇయ్యది."

"నేను సముద్రం అని చెప్తి గదరా!"

"సముద్రం అని రాస్తే నీకే కిస్తు మస్తు పడుతుండె కాకా. నీ మంచికే గట్ల రాసిన. ఇప్పుడేం ఫికర్ లేదు. పైపులు ఎట్లా నీ వాకిట్లనే ఉన్నయ్. ఈడ గాలొచ్చింది, ఈడనే కూలినయ్ అని రాద్దాం. ఫొటో దీసుకుంట. పైపులకు వస్తది."

"మరి యాదయ్య?"

ఏజెంటు బత్తాయి వలుస్తూ, "గాయన ఇంటికాడ మెట్ల మీదికెల్లి పడ్డడు అంటే సరిపోతది. పైపులకు, మనిషికి రెండిటికి అడుగుతే కంపెనోళ్ళు ఎంక్వైరీ జేస్తరు, రెండూ పోతయ్" అన్నాడు.

తను తెచ్చిన బత్తాయి తనే తిన్నాడు. తొక్కలు మా గడప మీద పెట్టాడు. ఆ తొక్కలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉన్నాయి. ఒక మనిషి విరిగిన నడుమును మెట్ల మీదికి తెచ్చి పడేసి, వేళ్ళు తుడుచుకోవడం అంత తేలికా?

మామ వాకిట్లోని పైపుల వైపు చూశాడు. ఆ పైపులు ఆయన బతుకంతా కూడబెట్టినవి. అవి పోతే మళ్ళీ కిరాయి పైపులతో కూలికి పోవాలి. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

చివరికి అన్నాడు: "మా ఇబ్రహీంపట్నం చెరువుల తుపాను లేస్తదారా? జూసినవా ఎన్నడన్న? యాదయ్యను ఎక్కుమన్నది నేను. మెట్లు గాదు, నేను. అట్లనే రాయి."

"ఎవరు చెప్పిన్రు కాకా సముద్రం అన్నవని? నువ్వు వేలిముద్ర ఏసినవ్. ఇంట్ల సదివిచ్చుకొనే ఏసినవ్."

అప్పుడు నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను. "నేను విన్న. మామ సముద్రమనే చెప్పిండు. కాయితంల ఇబ్రహీంపట్నం అని ఉన్నది నేను జూసిన. జూసి గూడ చెప్పలే. తప్పు నాది" అన్నాను. అంతమంది మగవాళ్ళ ముందు నేను మాట్లాడడం అదే మొదలు.

మామ తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన లేచి, తను కూర్చున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తుడిచి, నా వైపు జరిపాడు. "ఇగ తలుపెనక సదువుడు బంద్. ఈడ కూసో. మొత్తుకొని సదువు, నలుగురు ఇనాలె. చెప్పని మాట ఉప్పసొంటిది బిడ్డా, లోపటనే తింటది."

నేను కుర్చీలో, ఆయన నేల మీద. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఏ రేవు, ఎప్పుడు గాలి వచ్చింది, యాదయ్యను ఎవరు ఎక్కమన్నారు, ఎందుకు ఎక్కమన్నారు. ఒత్తుల్లో తప్పులుంటాయి. అయినా మార్చలేదు. పైపులకు ఏమీ రాలేదు. యాదయ్య కేసు లేబర్ ఆఫీసులో ఇంకా నడుస్తోంది. అక్కడి ఫైలులో మొదటి కాగితం నా చేతిరాతే. యాదయ్య మెట్ల మీద నుంచి పడలేదని ఒక చోటైనా రాసి ఉంది. అది మామ తన పైపులన్నీ వదులుకుని రాయించింది.

ఆ తర్వాత ఆయన మళ్ళీ కిరాయి పైపులతో పనికి పోయాడు. ఒక్కసారి కూడా నేను తల ఊపిన సంగతి ఎత్తలేదు.

పదకొండో రోజు ఏజెంటును మేము పిలవలేదు. వచ్చాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కోకుండానే ఎడమ చేత్తో సంచిలోంచి ఒక కాగితం తీశాడు. మా ఆయన కూడా వచ్చే నెల సముద్రం పని ఒప్పుకున్నాడని ఎవరో చెప్పినట్టున్నారు. "తమ్మీ, కాక పోయిండు, నీ పేరు మీద కొత్తది చేస్త. అంత నింపుకొనే వచ్చిన. సంతకం పెట్టు సాలు."

మా ఆయన కాగితం నాకు ఇచ్చాడు. నేను లోపలికి పోయి ఎర్ర కుర్చీ తెచ్చి, భోజనాల బంతి నడుమ వేసుకుని కూర్చున్నాను. పైకి చదివాను. పేరు. తండ్రి పేరు. ఊరు.

"పని జరిగే చోటు: ఇబ్రహీంపట్నం."

తినేవాళ్ళ చేతులు ఆగాయి. గోడకు ఆనుకుని నడుముకు పట్టీతో కూర్చున్న యాదయ్య, "ఇనబడలే చెల్లె, ఇంకోపారి సదువు" అన్నాడు. అతనికి బాగానే వినబడింది. ఇంకా గట్టిగా చదివాను. ఏజెంటు చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడున్నాయని అడిగాడు. ఎవరూ చూపించలేదు.

అందరూ వెళ్ళాక విస్తర్లు ఎత్తుతూ పైపుల దగ్గరికి పోయాను. వంకర తిరిగి, తెల్లగా ఉప్పు పూసి, గోడ పక్కన పడి ఉన్నాయి. అన్నిటికంటే పైనున్న దాని మీద బొటనవేలంత వెడల్పున ఒక గీత, ఉప్పు లేకుండా నున్నగా ఉంది. బడంగ్‌పేట్ పోయే పొద్దున మామ అక్కడ ఆగాడు, నేను చూశాను. ఉమ్మడం కూడా విన్నాను. అన్ని పైపులూ కడిగాను. ఆ ఒక్కదాన్ని కడగలేదు.