ఆకుపచ్చ పట్టా కింద తీసిన వడ్ల ఫోటో

ఈ రోజు మధ్యాహ్నం మా పెన్‌పహాడ్ రాములు బావ వడ్ల ట్రాక్టర్ వెంట మిర్యాలగూడలో ఒక మిల్లుకు వెళ్లాను. గేటు దగ్గర గుమాస్తా, పైన కట్టిన ఆకుపచ్చ టార్పాలిన్ పట్టా నీడలో గుప్పెడు వడ్లు పోసి, సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి లోపలి సేటుకు పంపాడు.

సేటు జవాబు చూసి, "పచ్చి గింజ ఉన్నదంట. వాపస్ తీస్కపో" అన్నాడు.

బావ మొహం మాడిపోయింది. ఫోటోలో వడ్లు నిజంగానే ఆకుపచ్చగా ఉన్నాయి. ఎండలో చేతిలోకి తీసుకుంటే మాత్రం బంగారంలా ఉన్నాయి. అనుమానం వచ్చి పైకి చూశాను. ఎండ ఆ పట్టాలోంచి ఆకుపచ్చగా దిగుతోంది. గుమాస్తాతో అన్నాను:

"తమ్మీ, కెమెరాల సెన్సార్ గింజ పచ్చిదా ఎండిందా సూడదు. దాని మీద పడ్డ వెలుతురును కొలుస్తది, అంతే. పట్టా రంగంతా దాంట్లకే పోతున్నది. జర ఎండల తియ్యి."

"ఏడ తీసినా గదే వస్తదన్నా. ఫోన్ అబద్ధమాడతదా?"

"ఆడకపోతే తియ్యనీకి నీకేం భయం?"

గుమాస్తా ఎండలో తీసి సేటుకు పంపాడు. పచ్చదనం మాయమైంది, ట్రాక్టర్ లోపలికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు చూస్తే, తర్వాతి రైతు వడ్లు మళ్లీ అదే పట్టా కింద ఉన్నాయి! ఇక దీన్ని తెలియనితనం అనమంటారా? మీ మిల్లుల దగ్గర కూడా ఒకసారి తల పైకెత్తి చూసి, ఏ రంగు పట్టా ఉందో ఇక్కడ రాయండి.