కెమెరా మీద అక్క పెట్టిన బొట్టు

అక్క లాప్‌టాప్‌లో ఇక ఏమీ లేదన్న వార్త నాకు మొదట చెప్పింది మేఘన. మా అక్క కూతురు. స్కూల్ నుంచి ఇంటికి వెళ్తూ బస్సులోంచే ఫోన్ చేసింది. "పిన్నీ, డాడీ అమ్మ లాప్‌టాప్ రీసెట్ చేసేశారు. ఎవ్రీథింగ్ గాన్ ఆల్రెడీ." ఏడవలేదు. ఏడవనందుకే నాకు దిగులేసింది.

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పొద్దునా సాయంత్రం దీపం పెట్టుకునే మనిషిని. ఇంట్లో దేవుడుండగా ఇంకొకరికి చోటెక్కడ అనుకుంటాను. ఎవరినో భయపెట్టాలని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు కీళ్ళ జబ్బుతో మంచం మీదే ఉండేదాన్ని. అక్క బడి నుంచి వచ్చి, సంచీ అయినా దించకుండా నా పక్కన కూర్చుని, ఆ రోజు తను నేర్చుకున్నదంతా నాకు చెప్పేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్షే. పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరం సింగపూరే చేరడం స్వామి దయ. నేను పాసిర్ రిస్‌లో, అక్క సెరంగూన్‌లో.

కిడ్నీలు పాడయ్యాక అక్క మేఘనకూ అలాగే చదువు మొదలుపెట్టింది. ఓపిక ఉన్న రోజు లాప్‌టాప్ ముందు కూర్చుని తెలుగు పాఠాలు రికార్డు చేసేది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఆ తర్వాత చిన్న చిన్న కథలు. తను ఎక్కువ కాలం ఉండనని ఆమెకు తెలుసు. అక్క పోయేనాటికి మేఘన గుణింతాల దాకా వచ్చింది. మిగతా పాఠాలు ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

ఆ పాఠాల్లో చాలావాటిలో తెర పైన కుడి మూల ఎర్రగా మసకేసి ఉండేది. అది ఆయుధపూజ నాటిది. మిక్సీకి, కుట్టుమిషనుకు, చివరికి ఎయిర్ ఫ్రయ్యర్‌కు కూడా బొట్టు పెట్టిన అక్క, లాప్‌టాప్‌కు నుదురెక్కడా అని చూసి, తెర పైన సరిగ్గా మధ్యలో కుంకుమ అద్దింది. కెమెరా ఉండేది అక్కడే.

"అమ్మా, యూ లుక్ లైక్ టొమాటో లా" అని మేఘన పడిపడి నవ్వింది.

తుడిచెయ్యమంటే అక్క ఒప్పుకోలేదు. "సరస్వతి నుదురు తుడుస్తారటే?" అని కెమెరా అంచుకు మాత్రం తగిలేలా కాస్త పక్కకు జరిపి, ప్రతి శుక్రవారం మళ్ళీ దిద్దేది.

అక్క పోయిన రోజు వచ్చిన ఆడవాళ్ళందరూ ఒకటే మాట. "పసుపు కుంకుమలతో వెళ్ళింది, అదృష్టవంతురాలు." నన్ను ఓదార్చడానికే అన్నారు. వచ్చినందుకు వాళ్ళకు ఋణపడే ఉన్నాను. ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా ఇప్పటికీ ఉంది.

పెద్దకర్మ అయ్యాక బావగారిని అడిగాను. "పాఠాలు కాపీ చేసుకుంటాను. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి."

"అలాగేలే అరుణా, తొందరేముంది" అన్నారు.

తొందర ఆయనకే ఉందని తర్వాత తెలిసింది.

మేఘన ఫోన్ చేసిన సాయంత్రమే వెళ్ళాను. లాప్‌టాప్ టేబుల్ మీద తళతళలాడుతోంది. స్పిరిట్‌తో తుడిచారట. బొట్టు ఆనవాలు కూడా లేదు. "మరీ స్లో అయిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేశాను. ఇక కొత్తదే" అన్నారు. పాఠాల సంగతి అడిగితే, "అయ్యో, మర్చిపోయాను" అన్నారు. కంప్యూటర్లతోనే బతికే మనిషి.

దాన్ని ఎందుకు కొత్తది చేశారో ఒక ఆదివారం ఉదయం అర్థమైంది. హైదరాబాద్ సంబంధం వాళ్ళతో వీడియో కాల్. బావగారికే పెళ్ళిచూపులు. ఆడవాళ్ళెవరైనా పక్కన ఉంటే మర్యాదగా ఉంటుందని నన్నే పిలిచారు. మేఘన కోసం వెళ్ళాను. కాఫీ కూడా నేనే కలిపాను.

పలకరింపులు కాకముందే అవతల పెళ్ళికూతురి తల్లి అడిగింది. "బాబూ, మీ వైపు పైన ఎర్రగా కనిపిస్తోందేమిటి? ఎండా?"

నేను వంగి చూశాను. కుడి మూల. అదే మసక, అదే ఎరుపు.

బావగారు కళ్ళజోడు గుడ్డతో కెమెరా తుడిచారు. గుడ్డకు ఏమీ అంటలేదు. ఎరుపు పోలేదు. సోఫాలో ఫోన్ చూసుకుంటున్న మేఘన తల కూడా ఎత్తకుండా అంది: "దట్స్ అమ్మాస్ వన్."



రిపేరు షాపుకు తీసుకెళ్ళారు. అక్కడ బొమ్మ శుభ్రంగా వచ్చింది. కెమెరాకు ఏ లోపమూ లేదన్నారు. ఇంటికి తెస్తే మళ్ళీ ఎరుపు. ఆయన పట్టుదలగా ఇంకోసారి అంతా చెరిపేసి మొదటి నుంచి పెట్టారు. ఆ తర్వాతి కాల్‌లోనూ ఎరుపే.

మిగతా మాటలన్నీ ఫోన్‌లో జరుపుకున్నారు. సంబంధం కుదిరింది. అక్క సంవత్సరీకం రాకముందే పెళ్ళీ అయింది. ఆ ఎరుపు దేన్నీ ఆపలేదు. వచ్చినామె మంచిది, పిల్లకు వేళకు పెడుతుంది, అందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను.

"కెమెరా పాడైంది, కావాలంటే నువ్వు తీసుకెళ్ళు" అని లాప్‌టాప్ నాకిచ్చేశారు. మా ఇంట్లో తెరిచి చూశాను. శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క ఎరుపు లేదు.

తువాస్‌లో మిషన్ల మధ్య పనిచేసే మా ఆయన, వాళ్ళ కిటికీ వెలుతురు అలా పడి ఉంటుందన్నారు. కావచ్చు. కానీ అక్క ఉన్నప్పుడూ ఆ కిటికీ అక్కడే ఉంది. బొట్టు పెట్టకముందు ఆ మూల ఎర్రగా ఎన్నడూ లేదు.

పాఠాల కోసం వెతికించాను. ఒక్కటీ దొరకలేదు. తిరిగి వచ్చేదేదో ఆ పాఠాలే రాకూడదా అని స్వామి ముందు నిష్ఠూరమాడాను కూడా. ఎరుపు ఒక్కటే ఎందుకు వచ్చిందో, ఆ ఇంట్లోనే ఎందుకు వచ్చిందో, నాకు ఇప్పటికీ తెలియదు.

మేఘన శనివారాలు మా ఇంటికి వస్తుంది. ఒత్తులు నేనే చెబుతున్నాను, అక్క చెప్పినంత బాగా రాదు.

చదివినవాళ్ళను ఒక్కటి అడుగుతాను. ఈసారి ఆయుధపూజకు మీ ఇంట్లో దేనికైనా బొట్టు పెడుతున్నప్పుడు మా అక్క సుభద్రను ఒక్కసారి తలుచుకోండి. అదృష్టవంతురాలని మాత్రం అనకండి.