కండక్టరమ్మ కడుపులో ఇద్దరు

ఆ రూట్లో తిరిగేవాళ్లందరికీ ఆమె కండక్టరమ్మే. బస్సు ఎంత కిక్కిరిసినా ఆమె గొంతు చివరి సీటు దాకా ఖంగుమనేది. పెళ్లయిన ఆరేళ్లకు నెల తప్పింది. నాలుగో నెల స్కానింగులో డాక్టరమ్మ చాలాసేపు తెర మీంచి చూపు తిప్పలేదు.

"కవలలమ్మా. కానీ పొట్ట దగ్గర అతుక్కుని ఉన్నారు."

తాళాలు బాగుచేసే భర్త కండక్టరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బతుకుతారా డాక్టరమ్మా?" అనడిగాడు.

"గుండెలు విడివిడిగా ఉన్నాయో లేదో ముందు చూడాలి. తర్వాత ఏం చెయ్యాలన్నది మీ ఇష్టం."

పెద్దాసుపత్రిలో గుండెల స్కానింగు చేసిన రోజు గదంతా చప్పుడే. ఒకటి గబగబా, ఇంకొకటి కాస్త నింపాదిగా.

"గుండెలు రెండున్నాయి. కాలేయమే కలిసిపోయింది. పుట్టాక విడదీయొచ్చు గానీ, పూచీ ఇవ్వలేం" అన్నాడు పిల్లల సర్జన్.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "ఆ చప్పుడు విన్నాక ఇంకేం ఆలోచించను. కంటాను" అంది.

"కందాం" అన్నాడు భర్త.

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. "అబ్బో, నువ్వు కూడానా!"

డ్యూటీకి సెలవు పెట్టింది. రెండు వారాలకోసారి స్కానింగుకు తన బస్సులోనే వెళ్లేది. ఆమె అన్నయ్యా అని పిలిచే డ్రైవరు గతుకు కనిపిస్తే చాలు, బస్సును నత్తలా నడిపేవాడు. ఆలస్యమవుతోందని ఒక్కరూ నోరెత్తలేదు. ఇంట్లో అత్తగారు కోడలి కడుపుతో కబుర్లాడేది: "ఒరేయ్, లోపలే కొట్టుకోకండర్రా! బయటికొచ్చాక బోలెడు టైముంది."

ముప్పై అయిదో వారంలో ఆపరేషన్ చేసి బిడ్డల్ని తీశారు. ఒకరికెదురుగా ఒకరు, ఇద్దరు ఆడపిల్లలు. ముందు ఒకతె కేరుమంది, వెంటనే రెండోది అందుకుంది. గదిలో డాక్టర్లంతా నవ్వేశారు.

"మీ గొంతే వచ్చిందమ్మా!" అంది నర్సు.

అయిదు నెలలు నిండాక విడదీశారు. తొమ్మిది గంటలు పట్టింది. ఆ తొమ్మిది గంటలూ భార్యాభర్తలు పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. సర్జన్ బయటికొచ్చి "ఇద్దరూ బాగున్నారు" అనగానే అత్తగారు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

వారం తర్వాత పిల్లల్ని వేర్వేరు ఉయ్యాలల్లో పడుకోబెట్టారు. ఇద్దరూ ఒకటే ఏడుపు. పాలు పట్టినా, ఎత్తుకున్నా ఆగలేదు. చివరికి నర్సు ఉయ్యాలలు రెండూ పక్కపక్కకు జరిపింది. ఇటుదాని వేలు అటుది పట్టుకుంది. ఏడుపు టక్కున ఆగింది.

"చూశావుటే, వీళ్లను అడక్కుండా విడదీశారు మరి!" అంది అత్తగారు.