పక్క చుక్కలు

ఇవాళ సాయంత్రం మిద్దె మీద టెలిస్కోపు మీది గుడ్డ తీయగానే పంటి కింద ఇసుక కరకరలాడింది. కల్లూరులో కొత్త ఇళ్లు లేస్తున్నంత కాలం ఈ దుమ్ముకు చావు లేదు. గొట్టం తుడుస్తుంటే నడుము పట్టేసింది, విసుగొచ్చింది. అయినా తుడిచాను. దుమ్మును చూస్తే నాకు ఓబులరెడ్డి సార్ గుర్తొస్తారు. ఆయన విషయంలో నేను చేసిన తప్పు అంతకంటే ముందే గుర్తొస్తుంది.

కర్నూలులో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి నేను చేరినప్పుడు ఆయన మా డిపార్ట్‌మెంటుకు పెద్ద. ఆత్మకూరు దగ్గర సేద్యం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. పదకొండేళ్లుగా చలికాలమంతా, మబ్బు లేని ప్రతి సాయంత్రం, తన మిద్దె మీంచి ఒకే ఒక చుక్కను చూస్తుండేవారు. గొల్లకావడి అనే మూడు చుక్కల వరసకు కాస్త పక్కగా ఉంటుంది. అది పసి నక్షత్రం. అది పుట్టగా మిగిలిన దుమ్ము దాని చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంటుంది. అందులో దట్టమైన ముద్ద ఏదైనా చుక్కకు అడ్డమొస్తే వెలుగు కొన్నాళ్లు తగ్గిపోతుంది. ఎంత తగ్గిందో, ఎన్నాళ్లు తగ్గిందో తెలిస్తే ఆ ముద్ద సంగతి లెక్క కట్టవచ్చు. ఆయన ఎదురుచూపంతా దానికోసమే.

"ఆ దుమ్మే ఒకనాటికి నేలవుతాదమ్మా. మన నల్లరేగడి గూడ అట్ల తిరిగిందే," అన్నారొకసారి. "వానకోసం చూసినట్ల చూస్తాండా. శానా ఓపిక కావల్ల."

చూడడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు పక్కనున్న, వెలుగు మారని రెండు మామూలు చుక్కల్ని చూడాలి. తర్వాతే మన చుక్క. వాటితో పోల్చి, దీని వెలుగెంతో నోటుబుక్కులో అంకె వేయాలి.

ఆ ఏడాది ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ చేశారు. "రెండు వారాలు నువ్వే చూడమ్మా," అని మిద్దె తాళంచెవి నా చేతికిచ్చారు. వారం బాగానే గడిచింది. ఎనిమిదో రోజు చుక్క బాగా మసకగా కనిపించింది. పొద్దుటి నుంచీ ఒకటే గాలి, వీధి చివర రాళ్లు కోసే మిషన్. దుమ్మే అనుకుని టెలిస్కోపు అద్దం తుడిచాను. మళ్లీ మసకే. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి కాళ్లు పీకుతున్నాయి. పక్క చుక్కల్ని చూడకుండానే 'మామూలే' అని రాసి దిగొచ్చాను. అలా నాలుగు రోజులు రాశాను. తర్వాత మబ్బు పట్టింది. అది తేలేసరికి చుక్క ఎప్పటిలాగే ఉంది.

నెల తర్వాత సార్ నల్ల కళ్లద్దాలతో స్టాఫ్‌రూముకు వచ్చారు. ఆ చుక్కనే చూసే విదేశం వాళ్లు ఉత్తరం రాశారట. అది మసకబడడం మొదలైనంత వరకే చూశారట, ఆ తర్వాత నాలుగు రోజులూ వాళ్లకు మబ్బులు, మీ అంకెలు పంపమని అడిగారట. నోటుబుక్కు నా ముందు పెట్టారు.

"ఏమ్మా, ఈ నాలుగు దినాలు మన చుక్క ఎట్లుండె?"

"మసకగానే ఉండె సార్. అద్దం మీద దుమ్మనుకున్నా."

"పక్క చుక్కలు గూడ మసకబారినాయా?"

నేను వాటిని చూడనే లేదు. అద్దం మీది దుమ్మయితే మూడూ మసకబడాలి. ఇంటర్ పిల్లలకు కూడా తెలిసే సంగతి.

ఆయన పుస్తకం మూశారు. "పోనీలేమ్మా. అలిసిపోయింటావు," అన్నారు. వాళ్లకు తానే జవాబు రాశారు: 'చూశాము, కొలవలేదు.' మిద్దె ఎక్కని మనిషి ఆ తప్పులో సగం తన మీద వేసుకున్నారు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఆపరేషన్ తర్వాత ఆయనకు చూపు పూర్తిగా రాలేదు, అంత చిన్న చుక్కలు మళ్లీ కనిపించలేదు. అయినా గోడ పట్టుకుని రోజూ మిద్దె ఎక్కేవారు. నేను చూసి అంకె చెబితే, స్టూలు మీద కూర్చుని రాసుకునేవారు. "పక్కవి చూసినావా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఆయన పోయి నాలుగేళ్లు. టెలిస్కోపు, ఆ స్టూలు ఇప్పుడు నా మిద్దె మీద ఉన్నాయి. చుక్క మళ్లీ మసకబడలేదు. ఇవాళ కూడా ముందు పక్క రెండింటినీ చూశాను, తర్వాత దాన్ని. అలవాటు కొద్దీ అంకె పైకే చెప్పి, ఆయన రాసుకునేంత సేపు ఆగాను. తర్వాత నేనే రాసుకున్నాను.