బొంబాయి మాట లేని పాట

ఆర్మూర్‌లో నేను పనిచేసిన ఇంటిని దవాఖాన అనాలో కాదో నాకెప్పుడూ తెలియలేదు. పెంకుల కప్పు కింద ఒక పొడుగాటి గది, దాని ముందు వరండా, అంతే. హైదరాబాద్ పెద్ద దవాఖానలో డాక్టర్లు "ఇక ఇంటికి తీసుకుపొండి" అన్నాక, ఇంట్లో చూసుకునే వీలు లేనివాళ్లను అక్కడికి తెచ్చేవారు. పుండ్లు కడగడం, నొప్పికి సూది ఇవ్వడం, గంజి తాగించడం మా పని. నయం చేయడం మా పనిలో లేదు. తొంభైల మొదట్లో అక్కడ చేరేటప్పటికి నాకు ముప్పై దాటాయి. మా ఆయన మస్కట్‌లో ఉండేవాడు. పగలంతా నిలబడి నిలబడి, సాయంత్రం చర్చి వెనక మా గదికి చేరేసరికి అన్నం వండుకునే ఓపిక కూడా మిగిలేది కాదు.

పాటల పని కూడా నా నెత్తినే పడింది. చర్చిలో పాడతానని ఆ ఇల్లు నడిపే మదర్‌కు తెలుసు. "మంచాల దగ్గర కూడా రెండు పాటలు పాడమ్మా, వాళ్లకు పొద్దుపోతుంది" అంది. పాడేదాన్ని. కొన్నాళ్లకు ఒక ముసలాయన తన ఎద్దు మీద పాట కట్టమన్నాడు. ఆయన చెప్పిన మాటలకే రాగం కలిపి పాడాను. అది విని ఇంకొకావిడ తన మనవరాలి మీద ఒకటి కట్టించుకుంది. అట్లా అలవాటైపోయింది. కట్టించుకున్నవాళ్లు నెల తిరక్కుండానే పోయేవాళ్లు. వాళ్ల పాటలు మాత్రం నా నోట్లో ఉండిపోయేవి. గిన్నెలు తోముతుంటే వచ్చేవి, అన్నం తింటుంటే వచ్చేవి. నిజం చెప్పాలంటే విసుగొచ్చేది.

ఒక ఎండాకాలం, పసుపు సీజన్ అయిపోతుండగా, ఒక హమాలీని ఆటోలో తెచ్చారు. మార్కెట్‌లో పసుపు బస్తాలు మోసేవాడు. యాభై ఏళ్లుంటాయేమో. ఊపిరితిత్తుల్లో గడ్డ. వెంట భార్య వచ్చింది. ఆమె బీడీలు చేసేది. తంబాకు ఘాటుకు లోపలివాళ్లు దగ్గుతారని మదర్ ఆమెను వరండాలో కూర్చోమంది. గడప అవతల ఆమె, ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ. గడప ఇవతల, మొదటి మంచం మీద అతను.

వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. మంచినీళ్లు కావాలన్నా అతను నాకే చెప్పేవాడు. ఆమె విని లేచి వచ్చి, తాగించి, మూతి తుడిచి, ఒక్క మాట లేకుండా పోయి మళ్లీ చాట ముందు కూర్చునేది.

ఒకరోజు మధ్యాహ్నం నేను పాడుతుంటే అతను చెయ్యెత్తి ఆపాడు.

"సిస్టరమ్మా, నీ పాట మంచిగనే ఉంది గని, గీ పాటకు బస్తా లేవదు."

"మరి ఏ పాటకు లేస్తది?"

"నేను చెప్తే లేస్తుండె. మా గుంపుల పాట అందుకునేది నేనే."

నలుగురు ఒక్క ఊపులో బస్తా ఎత్తాలంటే ఒకడు పాట అందుకోవాలి, మిగతావాళ్లు పలకాలి. అందుకోవడానికి ఇప్పుడతనికి ఊపిరి లేదు. ఒక ముక్క చెప్పి, ఆగి, దగ్గి, ఇంకో ముక్క చెప్పాడు. రెండూ కలిపి నేను గొంతెత్తి పాడాను.

పసుపు బస్త మోసి మోసి పచ్చబడ్డ ఈపు నాది
ఈపు జూసి నవ్వెటిదాన, ఇయ్యాల ఎందుకు నవ్వవే

వరండాలో కత్తెర చప్పుడు ఆగింది. కాసేపటికి అదే రాగంలో ఆమె గొంతు వినపడింది.

ఈపు కడగ నీళ్లు దెస్తి, ఇంటికెప్పుడు వస్తివయ్యా
ఎదురుజూసి ఎదురుజూసి ఏడనో నా నవ్వు వాయె

"విన్నడా సిస్టరమ్మా?" అని అక్కడినుంచే నన్ను అడిగింది.

విన్నాడు. దిండు మీద తల అటు తిప్పి నవ్వుకుంటున్నాడు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు అట్లాగే గడిచాయి. అతను గుసగుసగా చెప్పిన మాటను నేను పాడాలి, ఆమె బయటినుంచి జవాబు చెప్పాలి. అతను ఆమె చేసే పులుసును ఎక్కిరించాడు. ఆమె అతని గురకను ఎక్కిరించింది. మిగతా మంచాలవాళ్లు చెవులు ఇటు పెట్టేవారు. నాకు కాళ్లు వాచేవి. పాట ఎప్పుడైపోతుందా, కాసేపు గోడకు ఒరుగుదామా అనిపించేది.

ఒకరోజు అతను నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"గిది జర గట్టిగ పాడాలె. ఆమెకు ఇనవడాలె" అని, ముందు సంగతంతా మెల్లగా చెప్పాడు. ఎనభైల్లో దుబాయి పోతానని ఉన్న మేకలు, భార్య కాళ్ల కడియాలు అమ్మి ఏజెంటుకిచ్చాడు. ఏజెంటు బొంబాయిలో ఒక గది చూపించి మాయమయ్యాడు. తిరిగిరావడానికి సిగ్గేసి అక్కడే రైల్వే స్టేషన్ దగ్గర మూటలు మోస్తూ మూడేళ్లున్నాడు. వచ్చేటప్పుడు బొంబాయి బజారులోనే ఒక ఫారిన్ కంబళి కొని, దుబాయి నుంచి తెచ్చానని ఇంట్లో పెట్టాడు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"ఆమెను లోపలికి పిలుస్తా, నువ్వే చెప్పరాదా?" అన్నాను.

"మాటతోని నోరు రాదు సిస్టరమ్మా. నువ్వు పాడు."

దుబాయి అని పోయినోన్ని బొంబాయిల మూట మోస్తి
సిగ్గుకు నీ మొకం జూడక మూడేండ్లు నేను దాగుంటి

బయట కత్తెర ఆగలేదు. ఆకు తెగుతున్న చప్పుడు వస్తూనే ఉంది. వినపడలేదేమో, మళ్లీ పాడాలేమో అనుకుంటుండగా, ఆమె తలెత్తకుండానే అందుకుంది.

బొంబాయిల ఉన్న సంగతి ఎప్పటికెల్లో నాకెరుకే
వాడకట్టుకు దుబాయి అని వందసార్లు నే జెప్పిన

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నది? ఏమన్నది గామె?" వినపడక కాదు.

ఆమె చాట పక్కన పెట్టింది. నల్లా దగ్గర చేతులు కడుక్కుని లోపలికొచ్చి మంచం అంచున కూర్చుంది.

"కమ్మర్‌పల్లి మన సుట్టపాయన బొంబాయి పోయినప్పుడు నిన్ను టేషన్ కాడ చూసిండట. రెండో ఏడే వచ్చి చెప్పిండు. ఎవలకు చెప్పకని ఆయన కాళ్లు మొక్కిన."

"మరి నన్నెందుకు అడగకపోతివి?"

"నువ్వే చెప్తవని చూసిన. చూసి చూసి యాష్టకొచ్చింది."

అతను ఆమె వైపు తల తిప్పాడు. "గా కంబలి..."

"కంబలికి బొంబాయి దుకాణం చిట్టి అతికి ఉండె. ఎవలన్న చూస్తరని నేనే చింపి పొయ్యిల ఏసిన."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. ఆమె అతని వీపు పట్టుకుని, దగ్గు తగ్గేదాకా రాస్తూ కూర్చుంది. ఆయాసంలోనే ఇంకో మాట కట్టబోతే, "ఇగ చాలు, పండుకో" అంది. నేను సూది ఇచ్చి వచ్చాను. మర్నాటి నుంచి అతను నీళ్లు కావాలంటే ఆమెనే అడిగేవాడు.

బొంబాయి సంగతి బయటపడ్డ ఆ సాయంత్రం గదికి పోయి, మా ఆయన పంపిన ఉత్తరం తీసి పైన ముద్ర చూశాను. మస్కట్ అనే ఉంది. చూసినందుకు నామీద నాకే చికాకేసింది.

వారం తిరక్కుండా అతను పోయాడు. పొద్దున, ఆమె కార్ఖానాలో బీడీలు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు. ఆమె వచ్చేలోపు ముఖం తుడిచి చేతులు సర్దాను. ఆమె అరవలేదు. "పోయిండా" అని మంచం పక్కన నేలమీద కూలబడింది.

మధ్యాహ్నానికి హమాలీలు డప్పుతో వచ్చారు. వాళ్లలో పెద్దవాడు నా దగ్గరికొచ్చాడు.

"మావోడు పాట కట్టిండట గద సిస్టరమ్మా. జర చెప్పు, పాడుకుంట తీస్కపోతం."

నేను నోరు విప్పేలోపు ఆమె లేచి వచ్చి, నన్ను చెయ్యి పట్టుకుని నల్లా దగ్గరికి తీసుకుపోయింది.

"బొంబాయి మాట తీసెయ్యి సిస్టరమ్మా. ఆయన దుబాయి పోయొచ్చినోడే. లోకానికి గట్లనే ఉండనీ."

నాకు తల పనిచేయడం లేదు. ఆ మాట తీస్తే పాదం కుంటుపడుతుంది, దాని బదులు ఏం పెట్టాలో తోచలేదు. ఆమే చెప్పింది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

దుబాయి దాక పోయినోన్ని దూరదేశం మూట మోస్తి
నీ మొకమే యాదికొచ్చి మూడేండ్లకు మల్ల వస్తి

"గిట్ల పెట్టు" అంది. మరి తన జవాబు ఏం చేయాలని అడిగితే, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. అట్లా ఆమె మాటలు ఆ పాటలో లేకుండా పోయాయి.

హమాలీలకు పాట నేర్పాను. రెండుసార్లకే పట్టేశారు. పాడెను ఒక్క ఊపులో ఎత్తి, అందరూ పలుకుతూ గేటు దాటారు. ఆమె పాడలేదు, వెనక నడిచింది. వాళ్లు పెద్ద రోడ్డెక్కేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. లారీల మోతలో పాట కలిసిపోయాక లోపలికొచ్చి మంచం కడిగాను.

మూల మంచం మీది ముసలమ్మ అంతా చూస్తోంది. "బిడ్డా, నా పాట ఎప్పుడు కడ్తవ్?" అంది.

"రేపు కడదాం అవ్వా."

కూర్చోవాలనిపించింది. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని, నిలబడే దుప్పటి మార్చాను.