పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన మాట

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎలా నమ్ముతాను? సినిమాల్లో దయ్యాలకు డబ్బింగ్ చెప్పేదాన్ని నేనే. మైకు ముందు గొల్లున ఏడ్చి, బయటికొచ్చి చల్లారిన కాఫీ తాగి, మళ్ళీ లోపలికెళ్ళి ఏడ్చేదాన్ని.

తొంభైల చివర్లో మావారు బంజారా హిల్స్‌లో ఒక ఆస్పత్రిలో ఉన్నారు. మెదడులో నరం చిట్లింది. నోట్లో గొట్టం, స్పృహ లేదు. నన్ను రోజుకు రెండుసార్లే లోపలికి పంపేవారు. చెయ్యి పట్టుకుని పిలిచేదాన్ని. అంతకుమించి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండి, నాలుగో రోజు పొద్దున్న మా మరిదిని అక్కడ ఉంచి, ఒప్పుకున్న పని పూర్తి చేద్దామని ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్‌కు వెళ్ళాను.

అది టీవీ కోసం తీసిన డాక్యుమెంటరీ. అంగారకుడి మీదకు పంపిన ఆరు చక్రాల బండి ఉన్నట్టుండి మూగబోతుంది. ఇక్కడి నుంచి ఒకావిడ దాన్ని రోజూ పిలుస్తుంటుంది. ఆవిడకు నా గొంతు. మన మాట అక్కడికి చేరడానికి పది నిమిషాలట, జవాబు రావడానికి మరో పది.

"ఒక్కసారి పలుకు. వింటున్నాం."

కాగితం మీదున్న మాటే చెప్పాను. కానీ నేను పిలిచింది ఆ బండిని కాదు. రికార్డిస్టు యాదగిరి బాగుందన్నాడు. ఆ తర్వాతి పేజీలు చెప్పుకుంటూ పోయాం.

చాలాసేపటికి, నేను కాగితం తిప్పుతుండగా, హెడ్‌ఫోన్‌లో మావారి గొంతు వినిపించింది.

"గడియ పెట్టకు. వచ్చేస్తా."

రోజూ పొద్దున్నే పాలకు వెళ్తూ గుమ్మంలోంచి అనే మాట. నేను అలవాటుగా "అలాగేనండీ" అనేశాను.

అద్దం అవతల యాదగిరి లేచి నిలబడ్డాడు.

"ఆ గొంతు ఎవరిదక్కా? లోపల నువ్వొక్కదానివే ఉన్నవ్ గదా."

టేపు వెనక్కి తిప్పి విన్నాం. నా "అలాగేనండీ" ఒక్కటే ఉంది. ఆ మాట వినిపించినప్పుడు గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

ఇంతలో మరిది ఫోన్ చేశాడు. మావారు పదకొండూ నలభైకి పోయారు.

వైర్లలో ఏదో రేడియో కలిసి ఉంటుందన్నారు కొందరు. దిగులుతో నాకలా అనిపించిందన్నారు మరికొందరు. మరి యాదగిరికి ఏ దిగులు? ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. ఆ మాట ఆయన ఉండగానే బయల్దేరిందేమో, నన్ను చేరేసరికి ఆయన లేరేమో. అదైనా నిజమో కాదో చెప్పలేను.

నేనన్న "అలాగేనండీ" ఎక్కడికి వెళ్ళిందన్నదే నా బాధ.