తూర్పుకు తిరిగి పాసైన పంపు

మీరు చివరిసారి ఒక యంత్రానికి బొట్టు పెట్టింది ఎప్పుడు? సిగ్గుపడకండి. హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ దాటాక ఉన్న మా ల్యాబులో పరీక్ష గది తలుపుకే పసుపు రాసి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవారు. యంత్రాల మీదికి రేడియో తరంగాలు వదిలి, అవి తట్టుకుంటాయో లేదో చూడటం నా ఉద్యోగం. పక్కన సెల్‌ఫోన్ మోగితే మతి తప్పే పరికరాన్ని బజారుకు పంపకూడదు కదా! నిమ్మకాయ ఎన్ని తరంగాలను ఆపుతుందని మేనేజరును అడిగాను. "నీకెందుకయ్యా, పని చూస్కో" అన్నాడు.

ఒకరోజు కాప్రా నుంచి ఒకాయన, రోగి నరంలోకి మందు ఎక్కించే పంపు తెచ్చాడు. తన షెడ్డులో తానే తయారుచేసినది. బల్ల మీద పెట్టి తరంగాలు వదిలాం. అంతవరకూ బుద్ధిగా చుక్కచుక్కా వదిలిన పంపు ఒక్కసారిగా రెట్టింపు వేగంతో మందు కక్కింది. ఆపేశాను.

"ఏంది సార్, పడమర మొకం పెట్టిండ్రు? గట్ల పెడితే ఏ పనయితది? జెర తూర్పుకు తిప్పుండ్రి" అన్నాడు పంపాయన.

తిప్పాను. పాసైంది! ఒక్క చుక్క తేడా లేదు.

"ఇప్పుడేమంటరు? సంతకం కొట్టుండ్రి."

మేనేజరు కలం తీసి అందించాడు కూడా.

తరంగాలు వదిలే మా యాంటెన్నా ఉన్నది పడమటి గోడ దగ్గర. పంపుకు ముందు ప్లాస్టిక్, వెనక రేకు. తూర్పుకు తిరిగితే రేకు తరంగాలకు అడ్డొచ్చింది. మహిమంతా అంతే. అందుకే నాలుగు వైపులా తిప్పి పరీక్షించాలన్నది నియమం. చెప్పాను. ఇద్దరూ వినలేదు.

"అన్నా, రేపు మీ అమ్మకే ఇది పెట్టిండ్రనుకో. మంచం ఎటు తిప్పుతవ్?" అని పంపాయన్ని అడిగాను.

"ఆస్పత్రిల మంచం ఎటు దొరికితే అటే..." అంటూ బల్ల మీది పంపు అందుకున్నాడు. "ఫోన్లు సుత చుట్టూతనే ఉంటయ్" అని తనే గొణిగాడు. పంపు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ప్లాస్టిక్‌కు లోపలివైపు లోహపు పూత వేయించి మళ్లీ తెచ్చాడు. ఈసారి నాలుగు వైపులా తట్టుకుంది. సంతకం పెట్టాను.

"మంచి ముహూర్తం చూస్కొని పూత ఏపిచ్చిన సార్, గందుకే!"

ఘనత ముహూర్తానికే కట్టబెట్టినా నాకు అభ్యంతరం లేదు, పంపు బాగుపడింది. కానీ మిగిలిన మూడు వైపుల సంగతేమిటని అడిగేవాడు ప్రతి ల్యాబులోనూ ఉంటాడని నమ్మకండి. ఆస్పత్రిలో మీవాళ్లకు యంత్రం తగిలిస్తే, దాని పరీక్ష కాగితం చూపించమని అడగండి. ఆస్పత్రివాళ్లు విసుక్కున్నా సరే, గట్టిగా అడగండి.